ఎజే మనవాడేనని ముందే చాటేశాను, ఇప్పుడు మా బావ వదలడం లేదు

ప్రశ్న: నమస్తే అండీ. మేముండేది కూకట్‌పల్లిలో. నేను పదేళ్లుగా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ టాటెన్‌హామ్ అభిమానిని. మా అక్క భర్త, అంటే మా బావ, ఆర్సెనల్ అభిమాని. ప్రీమియర్ లీగ్ చూసే పదకొండు మందిమి ఒక వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నాం. 2025 ఆగస్టులో క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడు ఎబెరెచి ఎజే మా క్లబ్‌కు వచ్చేస్తున్నాడని వార్తలు రాగానే, "రాసిపెట్టుకోండి, ఎజే మనవాడే. రాకపోతే అందరికీ బిర్యానీ నాది" అని పెట్టాను. మూడు రోజులకు అతను ఆర్సెనల్ చొక్కాతో ఫొటో దిగాడు. బావ నా మెసేజ్‌ని గ్రూప్‌లో పిన్ చేశాడు. నవంబర్‌లో ఎజే మా మీదే హ్యాట్రిక్ కొట్టాక ఇక అడ్డూ ఆపూ లేదు. అక్కావాళ్లింటికి భోజనానికి వెళ్తే అన్నం వడ్డిస్తూ కూడా అదే మాట. బిర్యానీ ఇంకా బాకీ ఉంది.

ట్రాన్స్‌ఫర్ వార్త ఎంతవరకు వస్తే నమ్మొచ్చు? బావకు జవాబు ఎలా చెప్పాలి? ఇంకొక విషయం. మా గ్రూప్‌లో ఒక మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని కొత్త ఆటగాడి కోసం ఎదురుచూస్తుంటే, "మీవాడి విమానం ఇంకా దిగలేదా" అంటూ నేనూ ఇంకో ఇద్దరూ వరసగా విమానం స్టిక్కర్లు పెట్టాం. అతను ఒక్క మాట కూడా అనకుండా గ్రూప్ వదిలి వెళ్లిపోయాడు. మేం చేసినదాంట్లో అంత తప్పేముందో అర్థం కాలేదు.

సమాధానం: చివర అడిగినదానితోనే మొదలుపెడదాం. మొదటి రెండూ వచ్చే విండో, అంటే క్లబ్‌లు ఆటగాళ్లను కొని అమ్ముకునే కాలం, దాకా ఆగినా ఫరవాలేదు, ఇది మాత్రం ఈ రోజే తేలాలి.

యునైటెడ్ అభిమాని కంట్లో విమానం బొమ్మకు ఒకటే అర్థం. 1958 ఫిబ్రవరి 6న ఆ జట్టు బెల్‌గ్రేడ్‌లో యూరోపియన్ కప్ మ్యాచ్ ఆడి తిరిగి వస్తోంది. ఇంధనం కోసం మ్యూనిక్‌లో దిగిన విమానం, మంచు బురద పేరుకున్న రన్‌వే మీద మూడోసారి లేవబోతూ కూలిపోయింది. 23 మంది పోయారు. అందులో 8 మంది ఆటగాళ్లు. 21 ఏళ్ల డంకన్ ఎడ్వర్డ్స్ ఆసుపత్రిలో పదిహేను రోజులు పోరాడి కన్ను మూశాడు. ఇంగ్లండ్ స్టేడియాల్లో యునైటెడ్‌ను గాయపరచాలనుకునేవాళ్లు రెండు చేతులూ రెక్కల్లా చాపి చూపిస్తారు. ఇలాంటి విషాదాల మీద పాటలు, సైగలు చేసేవారిపై 2023–24 సీజన్ మొదలయ్యే ముందు ప్రీమియర్ లీగ్, ఫుట్‌బాల్ అసోసియేషన్ నిబంధనలు గట్టిపరిచాయి. స్టేడియంలోకి రానివ్వకపోవడమే కాదు, కేసు దాకా కూడా వెళ్తుంది.

మీ ముగ్గురి మనసులో అది లేదని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అతనికి మాత్రం ఆ సంగతి తెలిసే దారి లేదు. కాబట్టి గ్రూప్‌లో ఏదీ రాయకుండా ముందు ఫోన్ చేయండి, వీలైతే ఇంటికే వెళ్లండి. "ఆటగాడు రాలేదనే పెట్టాం, మ్యూనిక్ సంగతి తెలియలేదు. తెలిసుంటే పెట్టేవాళ్లం కాదు, తప్పు మాదే" అంటే చాలు. "నువ్వు వేరేలా అర్థం చేసుకున్నావు" అన్న ముక్క మాత్రం నోట్లోంచి రానివ్వకండి. దానితో తప్పు తిరిగి అతని మీదే పడుతుంది. మిగతా ఇద్దరూ ఎవరికి వారు విడిగా మాట్లాడాలి. ముగ్గురి తరఫున ఒక్కరే చెప్తే అది మొక్కుబడిలా ఉంటుంది. గ్రూప్‌కు తిరిగి రమ్మని అప్పుడే ఒత్తిడి చేయొద్దు. రావాలనిపిస్తే వస్తాడు.

ఇదే అవకాశంగా గ్రూప్‌లో అందరూ తెలుసుకోవలసినవి ఇంకో రెండున్నాయి. మన దగ్గర చాలామంది ఇంగ్లిష్ అభిమానుల పోస్టుల్లోంచి పాటలూ మీమ్‌లూ అర్థం తెలియకుండానే ఎత్తి పెట్టేస్తారు. లివర్‌పూల్‌వాళ్లను "ఎప్పుడూ మేమే బాధితులం అంటారు" అని వెక్కిరించే పాట ఒకటుంది. ఆ పాట 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో పోయిన 97 మంది లివర్‌పూల్ అభిమానుల మీదికి వెళ్తుంది. తప్పంతా అభిమానులదేనని ఏళ్ల తరబడి నింద వేశారు. ఆ నింద తప్పని, వాళ్ల మరణాలకు అధికారుల నిర్లక్ష్యమే కారణమని 2016లో విచారణ జ్యూరీ తేల్చింది. రెండోది మీ క్లబ్‌దే. టాటెన్‌హామ్‌కు లండన్ యూదులతో పాత అనుబంధం ఉంది. ఆ అభిమానుల మీద కొందరు పాము బుసలాంటి శబ్దం చేస్తారు, నాజీల గ్యాస్ గదులను గుర్తు చేస్తూ. ఎవరైనా ఆ ఆడియో క్లిప్‌ను సరదాగా పెడితే, ఆ క్షణంలోనే తీయించండి.

ఇక ఎజే సంగతి. ఆశపడినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు. అన్న రోజే తప్పు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సంతకం ఊసే లేనప్పుడు "మనవాడే" అన్నారు.

ఆగస్టు 20 నాటికి టాటెన్‌హామ్, క్రిస్టల్ ప్యాలెస్‌ల మధ్య బేరం చివరికి వచ్చిన మాట నిజమే, నమ్మదగిన విలేఖరులే రాశారు. కానీ ఎజే ఒప్పందంలో రిలీజ్ క్లాజ్, అంటే ఇంత కడితే క్లబ్ వదిలేయాలనే షరతు, ఉండేది; దాని గడువు అప్పటికే దాటిపోయింది. క్లాజ్ బతికి ఉంటే ఆ మొత్తం కట్టి ప్యాలెస్ ప్రమేయం లేకుండా ఆటగాడితో కూర్చోవచ్చు. అది పోయాక ప్రతి పౌండూ బేరమే, బేరం సాగినన్ని రోజులూ తలుపు ఇంకొకరికి కూడా తెరిచే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆర్సెనల్‌లో కై హావెర్ట్‌జ్ మోకాలికి దెబ్బ తగిలింది. 20 సాయంత్రమే వాళ్లు ప్యాలెస్‌తో మాట్లాడారు. ఎజే చిన్నప్పుడు ఆర్సెనల్ అకాడమీలో పెరిగి, 13 ఏళ్లకు వాళ్లు వద్దంటే కన్నీళ్లతో బయటికి వచ్చినవాడు. ఆ తలుపు మళ్లీ తెరుచుకుంటే ఎటు వెళ్తాడన్నది ఊహించడం కష్టమేమీ కాదు. 23న ప్రకటన వచ్చేసింది. టాటెన్‌హామ్ ఎంత దూరం వెళ్లినా ఆటగాడి సంతకం దాకా మాత్రం వెళ్లలేదు.

అందుకే ఏ వార్త చదివినా "నిజమా, అబద్ధమా" అనే ప్రశ్న కన్నా "ఇది ఏ మెట్టు మీద ఉంది" అనే ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. నిజమైన వార్త కూడా కింది మెట్టుదే అయితే దాని మీద బిర్యానీ పందెం కాయకూడదు.

"ఫలానా క్లబ్ గమనిస్తోంది", "ఆసక్తి చూపుతోంది" అనేవి అసలు మెట్లే కావు. ప్రతి పెద్ద క్లబ్ ఒక్కో స్థానానికి బోలెడు మంది పేర్లు పెట్టుకుని ఏడాది పొడవునా గమనిస్తూనే ఉంటుంది. ఈ వాక్యం రాయడానికి ఎవరికీ ఆధారం అక్కర్లేదు, తప్పయినా ఎవరూ నిలదీయలేరు. "ఏజెంట్‌తో మాట్లాడారు" అన్నా పెద్దగా తేడా లేదు. అధికారికంగా బిడ్ వేశారు, అవతలివాళ్లు కాదన్నారు అని వస్తే మాత్రం మనసులో పెట్టుకోండి. కాదన్న బిడ్ చెడ్డ వార్తలా కనిపిస్తుంది గానీ, ధర ఎంత నుంచి మొదలవుతుందో మొదటిసారి తెలిసేది దానితోనే.

"ఆటగాడితో జీతం మాట కుదిరింది" అన్నది అభిమానుల్ని ఎక్కువగా మోసం చేసే వాక్యం. చాలాసార్లు ఇది క్లబ్‌ల బేరం కన్నా ముందే అయిపోతుంది, దానికి పెద్ద కష్టమూ లేదు. ఎక్కువ జీతం ఇస్తామంటే వద్దనేవాళ్లు తక్కువ. అమ్మే క్లబ్‌ను అది ఒక్క అంగుళం కూడా కదపదు. దీనికి తిరగబడ్డ కథ 2022 వేసవిలో జరిగింది. బార్సిలోనా ఆటగాడు ఫ్రెంకీ డి యాంగ్ కోసం ఆ క్లబ్‌కు ఇవ్వాల్సిన ఫీజును మాంచెస్టర్ యునైటెడ్ దాదాపు కుదుర్చుకుంది. కానీ వాయిదా వేసిన పాత జీతం బార్సిలోనా నుంచి అతనికి రావలసి ఉంది, ఊరు వదిలే ఉద్దేశమూ లేదు. వేసవంతా యునైటెడ్ అభిమానులు మాటలు పడ్డారు. ఆగస్టులో కాసెమిరో వచ్చాక గానీ అది ఆగలేదు.

ఫీజు కుదరడం పెద్ద మెట్టే. అక్కడ కూడా జారిపడ్డవాళ్లున్నారు. 2023 ఆగస్టులో మోయిసెస్ కైసెడో కోసం బ్రైటన్‌తో లివర్‌పూల్ 11.1 కోట్ల పౌండ్లకు ఒప్పందానికి వచ్చింది. అది నిజమైన వార్త. ఆటగాడి మనసు మాత్రం మొదటి నుంచీ చెల్సీ మీదే ఉంది. రెండు మూడు రోజుల్లో చెల్సీ 10 కోట్లకు తోడు 1.5 కోట్ల బోనస్ షరతులతో తీసుకుపోయింది. లివర్‌పూల్‌వాళ్లను ప్రపంచమంతా ఏడిపించింది. వాళ్లు ష్టుట్‌గార్ట్ నుంచి 30 ఏళ్ల వతారు ఎండోను తెచ్చుకుంటే ఇంకా ఎక్కువ నవ్వారు. 2024 ఫిబ్రవరి 25న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్‌లో ఆ ఇద్దరూ ఎదురెదురుగా ఆడారు, గెలిచింది లివర్‌పూల్. దీన్ని కైసెడో మీద మచ్చగా చెప్పడం లేదు, తర్వాత చెల్సీ మధ్య వరసకు అతనే ప్రాణమయ్యాడు. ట్రాన్స్‌ఫర్ ఎగతాళికి ఆరు నెలల తర్వాత ఏ ముఖం వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

మెడికల్ దగ్గరికి వచ్చేసరికి మన తెలుగు పేజీలు కూడా "డీల్ ఫినిష్" అనేస్తాయి. మెడికల్‌లో గుండె స్కాన్, మోకాళ్లూ చీలమండలూ తుంటి భాగాల ఎమ్మారై, రక్త పరీక్షలు, పాత గాయాల చరిత్ర చూస్తారు. కొన్ని గంటల్లో అయిపోవచ్చు, రెండో రోజుకూ సాగవచ్చు. పాస్, ఫెయిల్ అని దాంట్లో ఉండవు. "ఈ మోకాలికి ఇంత ప్రమాదముంది" అని డాక్టర్లు చెప్తారు, ఇంత డబ్బు పెట్టాలా వద్దా అన్నది క్లబ్ తేల్చుకుంటుంది. 2018 జూన్‌లో నబీల్ ఫెకీర్ లివర్‌పూల్‌కు వెళ్లేది ఇక్కడే ఆగింది. మీ క్లబ్‌కు 2013 ఆగస్టులో ఇంకా చేదు అనుభవం ఎదురైంది. విలియన్ టాటెన్‌హామ్ దగ్గర మెడికల్ చేయించుకున్నాడు, ఆ తర్వాత వెళ్లి చెల్సీకి సంతకం పెట్టాడు. దాని మీద చెల్సీ అభిమానులు కట్టిన పాట స్టేడియంలో ఏళ్లపాటు మోగింది. 2025 సెప్టెంబర్ 1న ప్యాలెస్ డిఫెండర్ మార్క్ గేహీకి కూడా లివర్‌పూల్ మెడికల్ అయిపోయింది, 3.5 కోట్ల పౌండ్లకు మాట కుదిరింది. ప్యాలెస్‌కు అతని బదులు రావలసిన డిఫెండర్ వెస్ట్‌హామ్‌కు వెళ్లిపోవడంతో వాళ్లు అమ్మకం ఆపేశారు. ఇది గుర్తుంచుకోండి: ఒక బేరం ఇంకో బేరం మీద, అది మూడోదాని మీద ఆధారపడి ఉంటుంది. చివరి రోజు వార్త చదివేటప్పుడు "వాళ్లకు బదులు మనిషి దొరికాడా" అని వెతకడం చాలామంది చేయరు. సమాధానం తరచుగా అక్కడే దొరుకుతుంది.

ఆఖరిది కాగితాల మెట్టు. విదేశీ ఆటగాడైతే 2021 నుంచి ఇంగ్లండ్‌లో పాయింట్ల లెక్కన ఆమోదం కావాలి. దేశం తరఫున ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఏ స్థాయి లీగ్‌లో ఎంతసేపు ఆడాడు అనేవి చూస్తారు. 18 ఏళ్లు నిండని విదేశీ కుర్రాణ్ణి ఇంగ్లిష్ క్లబ్‌లు తీసుకోలేవు, కాబట్టి "16 ఏళ్ల బ్రెజిల్ అద్భుతం వచ్చేస్తున్నాడు" అని ఎవరైనా అంటే పుట్టిన తేదీ అడగండి. తర్వాత ఫిఫా ఆన్‌లైన్ వ్యవస్థలో రెండు క్లబ్‌లూ వివరాలు సరిపోల్చాలి, పాత దేశం ఫెడరేషన్ సర్టిఫికెట్ పంపాలి. 2015 ఆగస్టు 31 రాత్రి డేవిడ్ డి హేయా రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాల్సిన పత్రాలు స్పెయిన్ గడువు దాటాక చేరాయి. అంతే, అతను యునైటెడ్‌లోనే ఉండిపోయి, మరి కొన్ని రోజుల్లో కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టి, 2023 దాకా అక్కడే ఆడాడు.

గడువు లెక్క మన సమయంలో కట్టుకోండి. 2024 వేసవి విండో ఆగస్టు 30న బ్రిటన్ సమయం రాత్రి 11కు మూసుకుంది, మనకు తెల్లవారితే 31, మూడున్నర. 2025లో సెప్టెంబర్ 1 సాయంత్రం 7కే మూసేశారు, మనకు రాత్రి పదకొండున్నర. చలికాలం విండోలో బ్రిటన్ గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది గనుక మన లెక్కకు ఇంకో గంట కలపాలి. గడువు లోపల ఒప్పందం కుదిరిందని తెలిపే ఫారం, డీల్ షీట్ అంటారు, లీగ్‌కు చేరిస్తే మిగతా కాగితాలకు రెండు గంటలు అదనంగా ఇస్తారు. "టైం అయిపోయింది, మీవాడు రాలేదు" అని గడువు కొట్టగానే అవతలివాళ్ల మీద పడేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఈ రెండు గంటల్లోనే. మీరు ఎగతాళి చేసే పక్షాన ఉన్నా అప్పటి దాకా ఆగండి.

డబ్బు సంగతి తెలిస్తే సగం పుకార్లు వాటంతటవే రాలిపోతాయి. ప్రీమియర్ లీగ్‌లో ఇన్నాళ్లూ నడిచిన నిబంధన ప్రకారం మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. ఫీజును ఖాతాల్లో ఒకేసారి రాయరు, ఒప్పందం ఉన్న ఏళ్ల మీద పరుస్తారు. 6 కోట్లకు కొని ఐదేళ్ల ఒప్పందం ఇస్తే ఏటా 1.2 కోట్ల ఖర్చు. 2023 జనవరిలో కొన్న ముద్రిక్‌కు చెల్సీ ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం ఇచ్చింది ఈ లెక్క కోసమే. 2023 డిసెంబర్‌లో లీగ్ దీన్ని ఐదేళ్లకు కట్టడి చేసింది. సొంత అకాడమీలో పెరిగినవాణ్ణి అమ్మితే వచ్చిందంతా లాభంగానే పడుతుంది. అందుకే జూన్ 30 దగ్గరపడుతుంటే, ఖాతాల సంవత్సరం ముగిసే ముందు, కుర్రాళ్ల అమ్మకాలు ఊపందుకుంటాయి. నాటింగ్‌హమ్ ఫారెస్ట్ తన అకాడమీ కుర్రాడు బ్రెన్నన్ జాన్సన్‌ను జూన్‌లో అమ్మకుండా మంచి ధర కోసం ఆగి, 2023 సెప్టెంబర్ 1న మీ క్లబ్‌కే దాదాపు 4.75 కోట్లకు అమ్మింది. ధర పెరిగింది, ఖాతా మాత్రం అప్పటికే మూసేశారు. నష్టం హద్దు దాటిందని 2024 మార్చిలో ఫారెస్ట్‌కు లీగ్ పట్టికలో 4 పాయింట్లు కోత పడ్డాయి. ఎవర్టన్‌కు అదే సీజన్‌లో రెండుసార్లు కోత పడింది: అప్పీలు తర్వాత 6గా నిలిచిన 10, ఆపైన ఇంకో 2. 2026–27 నుంచి ఈ పద్ధతి పోయి, జట్టు మీద పెట్టే ఖర్చు ఆదాయంలో 85 శాతం దాటకూడదన్న లెక్క వస్తోంది. ఇకపై "మన క్లబ్ వంద మిలియన్లు పెడుతోంది" అన్న వార్త కనిపిస్తే ఎవరిని అమ్మారో, ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్ డబ్బు ఉందో లేదో చూడండి. జట్టులో ఖాళీ కూడా చూడాలి. ప్రీమియర్ లీగ్ జాబితాలో 25 మందే, అందులో స్థానికంగా తయారుకానివాళ్లు, అంటే కుర్రతనంలో అక్కడి క్లబ్‌లలో శిక్షణ పొందనివాళ్లు, 17 మందికి మించకూడదు. 21 ఏళ్ల లోపు కుర్రాళ్లు ఈ లెక్కలోకి రారు.

వార్త ఎవరి నోటి నుంచి వచ్చిందో కూడా పట్టించుకోండి. కొనే క్లబ్‌కు ఎప్పుడూ గుట్టే లాభం, బయటికి పొక్కితే ధర పెరుగుతుంది. అందుకే లీకులు ఎక్కువగా ఏజెంట్ నుంచో, వేలం పెంచాలనుకునే అమ్మే క్లబ్ నుంచో వస్తాయి. ఒప్పందం చివరి రెండేళ్లలో ఉన్న ఆటగాడి పేరు హఠాత్తుగా నాలుగు క్లబ్‌లతో కలిపి వినిపిస్తే, అతను ఉన్నచోటే జీతం పెంచుకునే ప్రయత్నంలో ఉండవచ్చు. 2015 వేసవి అంతా సెర్గియో రామోస్ యునైటెడ్‌కే అన్నారు, ఆగస్టులో మాడ్రిడ్‌తోనే 2020 దాకా సంతకం పెట్టాడు. ట్రాన్స్‌ఫర్ వార్తల విలేఖరుల్లో ఫాబ్రిజియో రొమానో తన "హియర్ వీ గో" మాట అన్నా, డేవిడ్ ఆర్న్‌స్టీన్ రాసినా దానికి బరువుంది. వాళ్లు ఆ రోజు ఉన్న మెట్టునే చెప్తారు, రేపటి హామీ ఇవ్వరు. ఇక పేరూ ముఖమూ లేని "లోపలి మనిషి" ఖాతాల సంగతి. డబ్బు కడితే ఎవరికైనా నీలి టిక్ వస్తోంది గనుక అది చూసి నమ్మకండి, పేరులో ఒక అక్షరం మార్చి పెట్టిన నకిలీ ఖాతాలు డెడ్‌లైన్ రోజే ఎక్కువ తిరుగుతాయి. కొత్త చొక్కాతో ఫొటో వస్తే వీపు మీది అంకె ఆకారం, భుజం మీది లీగ్ బ్యాడ్జి, స్పాన్సర్ పేరు పెద్దది చేసి చూడండి. కృత్రిమ మేధతో చేసిన బొమ్మ సాధారణంగా వాటి దగ్గరే దొరికిపోతుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకుంటే చాలా ఉపయోగం. తేదీ, ఎవరు చెప్పారు, ఏ మెట్టు అన్నారు, చివరికి ఏమైంది. ఒక్క వేసవి రాసి చూస్తే ఏ ఖాతాను మ్యూట్ చేయాలో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు బావ. బావమరదుల మధ్య వేళాకోళం మన ఇళ్లలో ఉన్నదే, ఎవరూ కాదనరు. మీ అక్కకూ అది బాగానే ఉండి ఉంటుంది. దాన్ని ఆపించే ప్రయత్నం చేయకండి, ఆపమన్న కొద్దీ పెరుగుతుంది. ఒప్పుకోవలసింది మాత్రం ముందే, పూర్తిగా ఒప్పుకోండి. 2025 నవంబర్ 23న ఆర్సెనల్ 4–1తో గెలిచింది, మూడు గోల్స్ ఎజేవి. అందులో వాదించడానికి ఏమీ లేదు. "అవును బావా, అతను మాకు రావలసినవాడు, మీకు వచ్చాడు, మమ్మల్నే కొట్టాడు" అని మీ నోటితో మీరే అనేస్తే ఆయన చేతిలోని స్క్రీన్‌షాట్‌కు పదును పోతుంది.

తర్వాత మీ వంతు. జవాబుకు పనికొచ్చేది నిజం, ఒక్కటి, సమయానికి. అంకెలు తప్పితే మీరే దొరికిపోతారు, పది పెడితే ఒక్కటీ గుర్తుండదు. మీ దగ్గర సరుకు తక్కువేం కాదు. 2013 జూలైలో లూయిస్ సువారెజ్‌కు 4 కోట్ల క్లాజ్ ఉందని ఆర్సెనల్ 4 కోట్ల ఒక్క పౌండు బిడ్ వేసింది. ఆ ఒక్క పౌండును ఇంగ్లండ్ ఇంకా మరిచిపోలేదు. సువారెజ్ లివర్‌పూల్‌లోనే ఉండి ఆ సీజన్ లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు. 2015 వేసవిలో ఆర్సెనల్ గోల్‌కీపర్ పీటర్ చెక్ తప్ప మైదానంలో ఆడే మనిషిని ఒక్కణ్ణీ కొనలేదు, ఆ ఏడాది లెస్టర్ వెనక రెండో స్థానంలో ఆగింది. 2023 జనవరిలో ముద్రిక్ తమవాడేనని ఆర్సెనల్‌వాళ్లు వారాల తరబడి అనుకున్నాక చెల్సీ ఎగరేసుకుపోయింది. బావ అప్పుడేమన్నాడో పాత చాట్‌లో వెతకండి. "మనవాడే" అన్న మెసేజ్ ఒకటి ఆయనదీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. అదే మీకు అన్నిటికన్నా మంచి జవాబు, ఎందుకంటే అది ఆయన మాటే.

చెల్సీ అభిమాని కూడా గ్రూప్‌లో ఉండి బావకు వంత పాడుతుంటే, వాళ్లు వేసవంతా వెంటపడిన జావీ సిమన్స్‌ను 2025 ఆగస్టు 29న తీసుకున్నది టాటెన్‌హామ్ అని గుర్తు చేయండి. "మీరెవరినీ కొనరు" అని ఎవరైనా అంటే 2018 వేసవి చెప్పండి. ఆ విండోలో మీ క్లబ్ ఒక్కణ్ణి కూడా కొనలేదు, వేసవి విండో పద్ధతి వచ్చిన 2003 నుంచి అలా జరగడం ప్రీమియర్ లీగ్‌లో అదే మొదటిసారి. ఆ సీజన్ చివర్లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది, లివర్‌పూల్ చేతిలో ఓడినా. ఫారెస్ట్‌కు పాయింట్లు పోగొట్టిన ఆ జాన్సనే 2025 మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్‌ను ఒక్క గోల్‌తో గెలిపించాడు, 2008 తర్వాత మీ మొదటి కప్పు. అదే సీజన్ లీగ్‌లో 17వ స్థానం అని బావ అంటాడు. అనాలి కూడా, అది నిజం. అప్పుడు నవ్వేయండి.

ఎగతాళి చేసినా, పడినా ఒక హద్దు ఉంచుకోండి. క్లబ్ బోర్డు, స్పోర్టింగ్ డైరెక్టర్ నిర్ణయాలు, అవతలివాళ్లు చేసిన గొప్పలు, స్కోర్లు అన్నీ మాట్లాడుకోవచ్చు. ఆటగాడి ఇంటివాళ్లు, రంగు, మతం, గాయం మీదికి పోకూడదు. 2021 జూలైలో యూరో ఫైనల్ పెనాల్టీల తర్వాత ఇంగ్లండ్ ఆటగాళ్లు రాష్‌ఫర్డ్, సాంచో, సాకాల మీద వచ్చిన జాత్యహంకార రాతలు అలా హద్దు దాటినవే. ఎజేను ట్యాగ్ చేసి బూతులు రాయడం కూడా ఆ దారిలోకే వస్తుంది, అతను చేసింది ఒక ఉద్యోగం ఎంచుకోవడమే. మన గ్రూపుల్లో ఇంకొకటి చేరుతుంది: మాట పెరిగితే కులం, ఊరు, ఉద్యోగం లేకపోవడం మీదికి పోతారు. అప్పటికి అక్కడ ఫుట్‌బాల్ మిగలదు. అవతలివాడు "సరే, ఓడిపోయాం" అన్నాక ఒక్క రోజు నవ్వుకోవచ్చు, మూడో రోజుకు అది దెప్పిపొడుపు అవుతుంది. బావ మూడు నెలలుగా చేస్తున్నది అదేనని మీకు నిజంగా అనిపిస్తే, గ్రూప్‌లో కాదు, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు అడగండి: "భోజనం దగ్గర వద్దు బావా, గ్రూప్‌లో ఎంతైనా అను." చోటు అడ్డం పెట్టడం మాట అడ్డం పెట్టడం కన్నా తేలిక, చాలామంది వింటారు.

వచ్చే విండోలో ఏం రాయాలంటారా? మెట్టు పేరు చెప్పి రాయండి. "ఫీజు కుదిరిందట, ఆటగాడి మాట తేలాలి." "మెడికల్‌కు వచ్చాడట, వాళ్లకు బదులు మనిషి దొరకాలి." ఆశ దాచుకోనక్కర్లేదు, "రావాలని చాలా ఉంది" అని నిండుగా అనండి. అంటే ఎవరూ స్క్రీన్‌షాట్ తీయరు. "మనవాడే" అన్న మాట మాత్రం క్లబ్ తన పేజీలో ఫొటో పెట్టేదాకా దాచండి. 2025 జూలైలో ఫారెస్ట్ ఆటగాడు మోర్గన్ గిబ్స్-వైట్ విషయంలో మీ క్లబ్ 6 కోట్ల క్లాజ్ కట్టడానికి సిద్ధపడింది, మెడికల్ మాట కూడా వినిపించింది. ఆ క్లాజ్ గుట్టుగా ఉండవలసిందని ఫారెస్ట్ కోర్టు మాట ఎత్తింది, 26న అతను అక్కడే 2028 దాకా కొత్త సంతకం పెట్టాడు. ఎజేకు నెల ముందే ఇది జరిగింది.

బిర్యానీ మాత్రం పెట్టేయండి. పందెం బాకీ ఉన్నంతకాలం బావ మాటకు హక్కు ఉంటుంది. పదకొండు మందికి రెండు కిలోల బియ్యం, రెండు కిలోల మాంసం సరిపోతుంది. యునైటెడ్ మిత్రుడికి ముందు ఫోన్ చేసి ఆ సంగతి తేల్చుకున్నాక, ఏ ఆదివారం వీలవుతుందో మొదట అతన్నే అడగండి.